ఏడూ నలభై అయిదు చింతలగట్టు బస్సు

మా కోడలు మెర్లిన్‌కి టీచరు ఉద్యోగం వచ్చిందన్న కబురు తెలిసిన పూటే మా ఇంట్లో బస్సుల గొడవ మొదలైంది. రెండువేల ఏడు, ఏప్రిల్ నెల. జగ్గయ్యపేటలో అప్పటికే ఎండ గోడల్లోంచి కూడా లోపలికి వస్తోంది. వీధంతా పంచుదామని నేను మైసూర్‌పాకులు తెప్పించాను. సగం కూడా పంచకముందే మావాడు శాంతికుమార్ కుర్చీలో కూలబడి, "ఉద్యోగం సరేనమ్మా, రోజూ ఏ బస్సుకి వెళ్తుందో అది చూడాలిగా" అన్నాడు.

వాడు సిమెంటు ఫ్యాక్టరీలో టైమాఫీసు గుమాస్తా. ఎవరు ఎన్నింటికి లోపలికి వచ్చారు, ఎన్నింటికి బయటికి పోయారు, అదే వాడి కొలువు. ఇంట్లోనూ అంతే. అన్నం ఎన్నింటికి తిన్నాడో వాడికి తెలుసు, ఏం తిన్నాడో తెలియదు.

అయితే వాడన్న మాటలో అబద్ధమేమీ లేదు. మే నెలాఖరున మచిలీపట్నంలో కౌన్సెలింగు పెడతారు. గోడ మీద ఖాళీల జాబితా అంటిస్తారు. మార్కుల వరసలో ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తారు. ముందు పిలిచినవాళ్ళు దగ్గరి ఊళ్ళు కోరుకుంటారు, వెనకవాళ్ళకి మిగిలినవే గతి. ఊరి పేరు చెప్పి సంతకం పెట్టాలి. పెట్టాక ఏళ్ళ తరబడి ఆ ఊరే. మెర్లిన్‌ది రెండు వందల పన్నెండో నంబరు. మావాడు ఆ జాబితా నకలు ముందే సంపాదించి రెండు రాత్రులు లెక్కలు కట్టి, మెర్లిన్ వంతు వచ్చేసరికి మావైపు రెండే ఊళ్ళు మిగులుతాయని తేల్చాడు. ఒకటి రావులమెట్ట, కంచికచర్ల, పరిటాల దాటాక హైవే పక్కన. రెండోది చింతలగట్టు, నందిగామ నుంచి వీరులపాడు మీదుగా ఇంకా లోపలికి. ఈ రెండూ కాదంటే సముద్రం ఒడ్డున దివిసీమకి పోవాల్సిందే.

మెర్లిన్ ఒకటే మాట అంది.

"దీపాలు పెట్టే వేళకి నేనింట్లో ఉండాలత్తయ్యా. గ్రేసీని వదిలేసి అక్కడెక్కడో గది తీసుకుని ఉండటం నా వల్ల కాదు. రోజూ వెళ్ళిరావడం కుదరకపోతే ఉద్యోగం వద్దనుకుంటా."

గ్రేసీ నా మనవరాలు. మూడేళ్ళది. నేను మూడో తరగతి దాటనిదాన్ని, మిరపకోతల ముఠాకి మేస్త్రిగా చేసినదాన్ని. ముప్ఫైమంది ఆడవాళ్ళని వెంటేసుకుని ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాను. శాంతికుమార్‌కి నాలుగేళ్ళప్పుడు వాణ్ణి మా అమ్మ దగ్గర వదిలి నెలన్నరపాటు కోతలకి పోయాను. తిరిగొస్తే నన్ను చూసి మా అమ్మ చీర కుచ్చిళ్ళ వెనక దాక్కున్నాడు. వాడికది గుర్తు లేదు. నాకుంది.

"ఎందుకురా అంత ఆలోచన" అన్నాను మావాడితో. "చింతలగట్టుకి నందిగామ నుంచి ఎనిమిదిన్నరకి బస్సుంది. ఎన్నిసార్లు ఎక్కలేదు నేను? డ్రైవరు మల్లెల పెద్దయ్య. ఎడమ చెయ్యి కాస్త వంకర. వీరులపాడులో దిగి కిళ్ళీ వేసుకోందే బండి తియ్యడు."

"అమ్మా, నీ బస్సులు పక్కన పెట్టు. ఇప్పుడన్నీ కంప్యూటర్లో ఉంటన్నాయి."

అలా నన్నూ మెర్లిన్‌నీ భవానీప్రసాద్ నెట్ సెంటరుకి తీసుకెళ్ళాడు. భవానీప్రసాద్ వాళ్ళది తాతల నాటి పప్పుల వ్యాపారం. అతగాడు ఆ కొట్లోనే మూడు కంప్యూటర్లు, ఒక కూలరు పెట్టి గంటకింతని వసూలు చేస్తున్నాడు. కూలరు గాలికి ఇప్పటికీ గోడల్లోంచి కందిపప్పు వాసన వస్తుంది. మావాడు ఒక కంప్యూటర్లో ప్రయాణబంధు అని ఒకటి తెరిచాడు. రాష్ట్రంలో ఏ ఊరి నుంచి ఏ ఊరికైనా సరే, ఎలా వెళ్ళాలో అదే చెబుతుందట. పైన ఒక మొగుడూ పెళ్ళాం ఇద్దరు పిల్లలూ బస్సు కిటికీలోంచి పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న బొమ్మ ఉంది. అంత నవ్వుతూ బస్సెక్కినవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు.

"ముందు అందరికీ తెలిసిన దారి పెట్టి చూద్దాం. పేట నుంచి నందిగామ" అన్నాడు మావాడు.

ఊరి పేరు కొట్టబోతే అది కొట్టనివ్వలేదు. జాబితాలోంచి ఏరుకోవాలట. జాబితాలో వేల ఊళ్ళు. వాడు వేలితో చక్రం తిప్పుకుంటూ తిప్పుకుంటూ మా ఊరి దాకా వచ్చేసరికి వేలు కాస్త జారితే చాలు, మళ్ళీ మొదటి ఊరి దగ్గరికి పోయేది. మూడోసారికి దొరికింది. ఇక వెళ్ళే ఊరు. మళ్ళీ అదే జాబితా, మళ్ళీ మొదట్నించీ. ఆ తర్వాత తేదీ. పెద్దలెందరు, పిల్లలెందరు. ఆడా, మగా. ఆఖరికి వయసు.

"బస్సుందో లేదో చెప్పడానికి నా కోడలి వయసు దానికెందుకురా?"

"అదంతేనమ్మా. నింపకపోతే ముందుకి పోనివ్వదు."

"బస్టాండులో ఎంక్వయిరీ ఆయన నన్నెప్పుడూ వయసడగలేదు."

"ఆయన మీ మొహం కూడా చూడడు మామ్మగారూ" అన్నాడు భవానీప్రసాద్ గల్లాపెట్టె దగ్గర్నించి. "ఇది మర్యాదగా అన్నీ కనుక్కుంటుంది."

అన్నీ నింపాక వంకర టింకరగా నాలుగు అక్షరాలు చూపించి అవేమిటో చెప్పమంది. ఎందుకని అడిగితే, కూర్చున్నది మనిషో కాదో తేల్చుకోవడానికని చెప్పాడు మావాడు. తేల్చుకోవడానికి దానికి రెండుసార్లు పట్టింది. తర్వాత ఒక గుండ్రం గిరగిరా తిరిగింది. తిరిగి తిరిగి ఎర్ర అక్షరాలు పడ్డాయి. మావాడు అవి చదివి కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఏమంటుందిరా?"

"సమయం ముగిసిందంటుంది."

"నాదా?"

"అబ్బా, నీది కాదమ్మా. నింపడం ఆలస్యమైంది. మళ్ళీ మొదట్నించీ నింపాలి."

మెర్లిన్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గంటకి చెల్లించిన డబ్బులు అయిపోతుండగా జవాబు వచ్చింది. జగ్గయ్యపేటలో తొమ్మిదీ పదికి బస్సెక్కి విజయవాడ వెళ్ళాలి. అక్కడ రెండు గంటలు కూర్చోవాలి. తర్వాత విజయవాడలో నందిగామ బస్సెక్కి వెనక్కి రావాలి.

నేను కాసేపు ఆలోచించాను. "మన విజయవాడ బస్సు పోయేది నందిగామ మీదుగానేగా?"

"అవును."

"మరి అక్కడే దిగమనదేం?"

"దానికా సంగతి తెలిసినట్టు లేదమ్మా."

"మనం దిగితే ఏమన్నా అంటుందా?"

భవానీప్రసాద్ గల్లాపెట్టె మీద తల పెట్టుకుని నవ్వాడు. మావాడికి మాత్రం నవ్వు రాలేదు. కొత్తది కదా, చిన్న చిన్న లోపాలుంటాయన్నాడు. స్కూళ్ళు తెరిచే జూన్ తేదీ పెడితే ముప్ఫై రోజులకి మించి ముందుకి చూపించనంది. సరేనని మర్నాటి తేదీయే పెట్టాడు. రావులమెట్టకి నేరుగా బస్సు, గంటా ఇరవై నిమిషాలు అంది. చింతలగట్టుకి విజయవాడ వెళ్ళి, అక్కణ్ణించి మైలవరం వెళ్ళి, రాత్రికి అక్కడుండి, తెల్లారి ఇంకేదో ఎక్కి, మొత్తం పంతొమ్మిది గంటల నలభై నిమిషాల ప్రయాణం చూపించింది. వాడు అదంతా పదకొండు కాగితాల మీద అచ్చు తీయించాడు. ప్రతి కాగితం మీదా ఆ కుటుంబం నవ్వుతూనే ఉంది.

"రావులమెట్టే. ఇక ఆలోచించేదేం లేదు" అన్నాడు ఇంటికొచ్చి.

"చింతలగట్టుకి ఎనిమిదిన్నర బస్సు" అన్నాను నేను.

వారం రోజులు ఇదే రభస. మెర్లిన్ మా మాటలు వింటూ మామిడికాయ ముక్కలు కొట్టింది, ఆరబెట్టింది, కారం కలిపింది. జాడీకి గుడ్డ కడుతూ, "ఒకసారి వెళ్ళి చూసొద్దామా అత్తయ్యా, మనిద్దరం" అంది.

గ్రేసీని నా చెల్లెలికి అప్పజెప్పి మర్నాడే బయల్దేరాం. పెరుగన్నం, నీళ్ళ సీసా, గొడుగు. పేట బస్టాండులో ఎక్స్‌ప్రెస్సు ఎక్కి రావులమెట్టకి రెండు టిక్కెట్లు అడిగితే కండక్టరు మమ్మల్ని వింతగా చూశాడు. అక్కడ ఆగదు, కంచికచర్లలో దిగి పల్లెవెలుగు పట్టుకోండి అన్నాడు. పట్టుకున్నాం. బడి బాగుంది, రోడ్డు పక్కనే, ప్రహరీ గోడ, బోరింగు, అన్నీ ఉన్నాయి. చూసుకుని మూడింటికల్లా రోడ్డు మీదికి వచ్చాం. నీడనిచ్చే చెట్టు లేదు. గొడుగు కింద ఇద్దరం సగం సగం నిలబడ్డాం.

బస్సులు లేక కాదు. ఎర్ర బస్సులు, నీలం బస్సులు, అద్దాల బస్సులు. మెర్లిన్ చెయ్యెత్తుతుంది, అవి దుమ్ము కొట్టి పోతాయి. నేను వేళ్ళ కణుపుల మీద ఎంచుతూ ఉన్నాను. ఇరవై మూడు పోయాయి.

"ఇరవై నాలుగోది ఆగుతుందంటారా?" అంది మెర్లిన్.

"ఆ కంప్యూటర్ని రమ్మను. అదొచ్చి చెయ్యెత్తితే ఆగుతుందేమో."

అయిదున్నరకి మెట్ల మీద కూడా మనుషులు వేలాడుతున్న పల్లెవెలుగు ఒకటి ఆగింది. కంచికచర్లలో మారి, నందిగామలో మారి, ఇంటికొచ్చేసరికి ఎనిమిదింబావు. గ్రేసీ ఏడ్చి ఏడ్చి నిద్రపోయిందట. మెర్లిన్ బట్టలు కూడా మార్చుకోకుండా మంచం చివర కూర్చుని పిల్ల పాదం పట్టుకుంది.

"కాగితంలో గంటా ఇరవై నిమిషాలని ఉందే" అన్నాడు శాంతికుమార్ పదకొండు కాగితాలూ తిరగేస్తూ.

"రేపట్నించి కాగితం ఎక్కి వస్తాలెండి" అంది మెర్లిన్.

వాడికి ఆ అమ్మాయి ఎదురు చెప్పడం పెళ్ళయ్యాక అదే మొదలనుకుంటాను.

చింతలగట్టు ప్రయాణానికి నేను ముందుండి నడిపించాను. పొద్దున ఏడున్నరకల్లా నందిగామ బస్టాండులో ఉన్నాం. ఎనిమిదిన్నర అయింది. తొమ్మిదయింది. మెర్లిన్ నావైపు చూడకుండా బిస్కెట్ల కొట్టువైపు చూస్తోంది. నేను లేచి ఎంక్వయిరీ కిటికీ దగ్గరికి వెళ్ళాను.

"చింతలగట్టు ఎనిమిదిన్నర బస్సు ఎందుకు రాలేదయ్యా?"

ఆయన తలెత్తలేదు. "అది తీసేసి ఆరేళ్ళయింది మామ్మా."

"అదేంటయ్యా, మల్లెల పెద్దయ్య నడిపేవాడు."

ఈసారి తలెత్తాడు. "ఆయన రిటైరయ్యాడు. బస్సు కూడా రిటైరయింది."

నా అరవై రెండేళ్ళ తెలివి ఆ కిటికీ దగ్గర అలా తెల్లబోయింది. వెనక్కి వచ్చి కూర్చుంటే మెర్లిన్ ఒక్క మాట అనలేదు. బిస్కెట్ పొట్లం విప్పి నా చేతిలో రెండు పెట్టింది. ఏదన్నా అంటే బాగుండేది, కాస్త తేలికయ్యేది.

షేర్ ఆటోలో వీరులపాడు చేరాం. అక్కడ పాల వ్యాను ఒకటి ఆగి ఉంది. డ్రైవరు పేరు ఇశ్రాయేలు, మనిషి పొట్టి, గొంతు పెద్దది. రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నందిగామ నుంచి ఊళ్ళన్నీ తిరిగి పాలు పట్టుకుపోతాడు. ఆ పూట టైరు పంక్చరై ఆలస్యమైందట. చింతలగట్టుకి అన్నాం. "ముందు సీట్లో కూర్చోండమ్మా. క్యాన్లు చప్పుడు చేస్తయ్యి, భయపడకండి" అన్నాడు.

ఊరు చిన్నది. బడి తాళం వేసి ఉంది. తాళం చెవి మధ్యాహ్నం భోజనాలు వండే తిరుపతమ్మ దగ్గరుంటే ఆవిడే వచ్చి తీసింది. లోపల నల్లబల్ల మీద తేదీ ఇంకా జనవరి ఇరవై మూడనే ఉంది.

"అంతకుముందు పంతులు వారానికి రెండు రోజులు వచ్చేవాడు" అంది తిరుపతమ్మ. "తర్వాత ఒక రోజు. సంక్రాంతి సెలవులయ్యాక ఒక వారం వచ్చి, బదిలీ చేయించుకుని పోయాడు. ఆయన తప్పేం లేదులెండి, బస్సు లేదు. నేను వండేదాన్ని. పిల్లలు వచ్చేవాళ్ళు, తినేవాళ్ళు, పోయేవాళ్ళు. మధ్యలో చదువొక్కటే లేదు."

"అసలు ఈ ఊరికి బస్సే రాదా?" అని అడిగాను.

దానికి ఆవిడ మొగుడు బసవయ్య జవాబు చెప్పాడు. తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఎందుకు రాదు చెల్లెమ్మా, నైట్ హాల్ట్ బస్సుంది. రాత్రి ఏడున్నరకొచ్చి ఇక్కడే పడుకుంటది. పొద్దున ఆరుంబావుకి లేచి నందిగామ పోద్ది. అంటే మేం పోవచ్చు. మా దగ్గరికెవరూ రాలేరు."

"పొద్దున ఇంకోసారి వెనక్కి పంపమని అడగలేదా?"

"అడక్కేం. డిపోకి నాలుగుసార్లు పోయాం. పొద్దునపూట మీ ఊరొచ్చేవాళ్ళెవరయ్యా, ఖాళీ బస్సు తిప్పమంటావా అని ఆయనంటాడు. మేం బస్సొస్తే మనుషులొస్తారంటాం. మనుషులుంటే బస్సొస్తదని ఆయన."

"ఈయన డిపోకి పోయేది బస్సు కోసం కాదు, నందిగామలో పెసరట్టు కోసం" అంది తిరుపతమ్మ.

మెర్లిన్ ఈ మాటలు వింటున్నట్టు లేదు. నల్లబల్ల దగ్గరికి వెళ్ళి కొంగుతో ఆ తేదీ తుడిచింది. వట్టి బల్లను కాసేపు చూసి, చెయ్యి దులుపుకుంది.

సాయంత్రం మళ్ళీ ఇశ్రాయేలు వ్యానులోనే నందిగామ చేరి పేట బస్సెక్కాం. దారంతా నేనే మాట్లాడాను. ఎంత మాట్లాడినా చివరికి తేలింది ఒకటే, రావులమెట్టే కాస్త నయం. అక్కడ బస్సులు ఆగవు గాని కనీసం కళ్ళబడతాయి. చదువుకున్న పంతులమ్మ పాల క్యాన్ల మధ్య కూర్చుని పోవడమేమిటి, ఎవరన్నా వింటే నవ్వుతారు. మావాడి మాటతో నా మాట కలిసిన రోజు అదొక్కటే. మెర్లిన్ ఊఁ కొట్టింది. ఇంటికొచ్చేసరికి ఏడయింది. గ్రేసీ అరుగు మీద నిలబడి మాకోసం చూస్తోంది.

మే ఇరవై ఎనిమిదిన ముగ్గురం మచిలీపట్నం వెళ్ళాం. బిడ్డని నా చెల్లెలి దగ్గర ఉంచాం. అభ్యర్థిని తప్ప ఇంకెవరినీ లోపలికి రానివ్వమన్నారు. జనంతో పాటు మేమూ వరండాలో నిలబడ్డాం. మావాడు కాగితాలు చుట్టగా చుట్టి పట్టుకుని, బయటికొచ్చిన ప్రతివాళ్ళనీ అడిగి జాబితాలో ఒక ఊరు కొట్టేస్తున్నాడు. రెండు వందల పదకొండు అయ్యేసరికి వాడి లెక్క సరిగ్గానే వచ్చింది. మావైపు ఆ రెండూ మిగిలాయి.

"రావులమెట్ట. మర్చిపోకు" అన్నాడు మెర్లిన్‌తో.

ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి అయిదు నిమిషాల్లో కాగితం పట్టుకుని బయటికొచ్చింది.

"చెప్పావా?"

"చెప్పా. చింతలగట్టు."

శాంతికుమార్ వరండా మెట్టు మీద కూర్చున్నాడు. "రావులమెట్ట అప్పటికే అయిపోయిందా?"

"లేదు, ఉంది. రావులమెట్టలో ఇంకో ముగ్గురు టీచర్లున్నారండీ. చింతలగట్టులో నేనొక్కదాన్నే."

"మరి బస్సు?"

"వస్తుంది" అంది మెర్లిన్. "ఆకలేస్తుంది, ఏమన్నా తిందామా?"

నేను మావాడి చేతిలోని కాగితాల చుట్ట తీసుకున్నాను. హోటల్లో విసురుకోవడానికి పనికొచ్చింది.

జూన్‌లో బళ్ళు తెరిచారు. బస్సు రాలేదు. పొద్దున అయిదున్నరకి బయల్దేరి నందిగామ వెళ్ళడం, ఏడింటికి పాల వ్యానులో ఇశ్రాయేలు పక్కన కూర్చోవడం, ఎనిమిదిన్నరకి చింతలగట్టులో దిగడం. సాయంత్రం మళ్ళీ అలాగే. మొదటి వారం నాకు తల కొట్టేసినట్టుండేది. రెండో వారానికి పాలు పోసే ఊళ్ళన్నిట్లోనూ మా కోడల్ని ఎరగనివాళ్ళు లేరు. ఒకరు దోసకాయలిస్తారు, ఒకరు మునక్కాడలిస్తారు. కూరగాయలు కొనడం మానేశాం. ఆరున్నర, ఏడుకల్లా ఇంట్లో ఉంటోంది. మావాడు అరుగు మీద గడియారం పెట్టుకుని కూర్చునేవాడు.

మెర్లిన్ ఊరివాళ్ళ చేత ఒక అర్జీ రాయించి, తనే ముందు సంతకం పెట్టి, బసవయ్యని తీసుకుని డిపోకి వెళ్ళింది. పొద్దునపూట మీ ఊరొచ్చేవాళ్ళెవరని మేనేజరు మళ్ళీ అడిగాడట. "నేనండీ, రోజూ" అందట. ఆయన పదిహేను రోజులు తిప్పి చూస్తానన్నాడు. నందిగామలో పొద్దున ఏడూ నలభై అయిదుకి ఒకటి, మధ్యాహ్నం మూడున్నరకి ఒకటి. సగటున ఇరవై మంది ఎక్కితే ఉంచుతాడు, లేదంటే తీసేస్తాడు.

మావాడు తన వంతుగా ఈ బస్సు సంగతి ప్రయాణబంధులో పెట్టించాలని భవానీప్రసాద్ కొట్లో మూడు సాయంత్రాలు కూర్చున్నాడు. సలహాలు రాసే చోటొకటి ఉందట. అక్కడా వయసడిగింది. తర్వాత ఆ బస్సు నంబరు తమ పట్టీలో ఉంటేనే రాయమంది. పట్టీలో లేదనేగా రాయడం అని మావాడు కంప్యూటర్తో వాదించడం మొదలుపెట్టాడు. నాలుగో రోజు అట్టముక్కల మీద ఎర్ర సిరాతో బస్సు వేళలు రాసి, వీరులపాడు దారిలో టీ కొట్లన్నిటికీ స్వయంగా వెళ్ళి కట్టొచ్చాడు. అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా రాస్తాడు. భవానీప్రసాద్ కూడా ఒకటి అడిగి కొట్లో పెట్టుకున్నాడు, అవసరం లేకపోయినా.

మొదటిరోజు తొమ్మిదిమంది ఎక్కారు. అందులో నేనొకదాన్ని. మావాడికి ఆ పక్షం మధ్యాహ్నం షిఫ్టు పడింది కాబట్టి పొద్దున గ్రేసీ వాడి దగ్గరుండేది. మూడేళ్ళ పిల్లకి టిక్కెట్టు కొట్టరు, తీసుకెళ్ళినా లెక్కకి రాదు. నేను రోజూ మెర్లిన్‌తో వెళ్ళి, చింతలగట్టులో కాళ్ళయినా చాపకుండా అదే బస్సులో వెనక్కి వచ్చేదాన్ని. రెండోరోజు నా పక్క సీట్లో బసవయ్య కూర్చున్నాడు. ఆరుంబావు బస్సుకి నందిగామ వచ్చి, ఈ బస్సులో ఊరికి పోతున్నాడు.

"నందిగామలో ఏం పనన్నా?"

"టీ తాగడానికొచ్చా."

"మీ ఊళ్ళో టీ దొరకదా?"

"మా ఆవిడ పెడద్ది. అందుకే వచ్చా."

మూడోరోజు బసవయ్య ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళకీ నందిగామలో పనేం లేదు. ఒకాయన కత్తెర సాన పట్టించడానికట. మర్నాడు అదే కత్తెరతో మళ్ళీ కనబడ్డాడు. ఆడవాళ్ళు వంతులు వేసుకున్నారు. ఈ రోజు ఈ వీధివాళ్ళు, రేపు ఆ వీధివాళ్ళు. ఎవరూ ఎవరికీ చెప్పినట్టు కనబడదు. టిక్కెట్టు తీసుకుని, కిటికీ పక్కన కూర్చుని, పెళ్ళికి పోతున్నట్టు ఊరు చేరేవాళ్ళు. కండక్టరుకి అనుమానం రాకపోలేదు. "మీ ఊరివాళ్ళకి నందిగామ మీద ఇంత మోజేంటి మామ్మా" అన్నాడు నాతో. నాకేం తెలుసు నాయనా, నాది జగ్గయ్యపేట అన్నాను.

పదోరోజు దాటాక నాకు తెలియని మొహాలు కనబడసాగాయి. వీరులపాడు ఆఫీసులకి పోయేవాళ్ళు, మామిడికాయల బుట్టలు దించుకుని ఖాళీ బుట్టలతో పోయేవాళ్ళు, పురుగుమందు డబ్బాలతో రైతులు. అట్టముక్క చూసి వచ్చామన్నారు ఇద్దరు ముగ్గురు. ఆ మాట ఇంట్లో చెబితే మావాడు రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

పదిహేనోరోజు సోమవారం వచ్చింది. నేను బస్టాండు బయట గ్రేసీకి అరటిపళ్ళు బేరమాడి లోపలికొచ్చేసరికి ఏడూ నలభై మూడయింది. బస్సు మెట్ల దాకా నిండిపోయి ఉంది. కాలు పెట్టబోతే కండక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"చోటు లేదు మామ్మా."

"మా కోడలుందయ్యా లోపల."

"ఆవిడుందిగా, మరి మీరెందుకు?"

కిటికీలోంచి మెర్లిన్ చూసింది. లేవబోయింది. కూర్చోమని చెయ్యి ఊపాను. మళ్ళీ లేవబోతే గట్టిగా కసిరాను. ఆ అమ్మాయి కూర్చుంది. కండక్టరు తలుపు మీద రెండు దెబ్బలు కొట్టాడు. బస్సు ఒక పక్కకి ఒరిగి, పొగ నా మొహాన కొట్టి, వీరులపాడు రోడ్డు మీదికి మళ్ళింది. మనిషన్నవాడు బస్సు తప్పిపోయి అంత సంతోషంగా నిలబడతాడని నేననుకోలేదు. అరటిపళ్ళు చేత్తో పట్టుకుని అది కనుమరుగయ్యేదాకా చూశాను.

పక్కన ఎవరో దగ్గితే తిరిగి చూశాను. బసవయ్య. తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు.

"నన్ను కూడా ఎక్కనివ్వలేదు చెల్లెమ్మా. మా ఊరి బస్సు, నాకే చోటు లేదన్నాడు."

"మరి ఇప్పుడు ఊరికెలా పోతావన్నా?"

"ఏముంది, మూడున్నరకి ఇంకోటుందిగా" అని బెంచీ మీద కాళ్ళు పైకి పెట్టుకుని తీరిగ్గా కూర్చున్నాడు.